భిన్నాభిప్రాయముల నడుమ సంభాషణ : మన కళాశాల విద్యార్థులకు నేర్పవలసిన పాఠము

(శతవార్షికోత్సవ సభలలో యువజన పరిచర్య సదస్సునందు చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ అనగానే వెనుకకు తిరిగి చూచుట సహజము. కట్టిన మందిరములను, నడిపిన పాఠశాలలను, నిద్రించిన భక్తులను జ్ఞాపకము చేసికొని దేవుని స్తుతించుట మన విధి. అయితే ఈ సదస్సును ఏర్పరచినవారు మాకు అప్పగించిన అంశము వెనుకటిది కాదు, రేపటిది. కళాశాలలో చదువుకొను మన పిల్లలు, తమతో ఏకీభవించని వారితో కూర్చుండి మేలుకరముగ మాటలాడుట ఎట్లు? వారికి ఆ విద్య నేర్పువారెవరు? ఈ ప్రశ్నకు మేము పండితులముగ జవాబు చెప్పజాలము. ఈ విషయములో తప్పిపోయి, తప్పు తెలిసికొని, మరల ప్రయత్నించుచున్న ఒక సంఘకాపరిగ మాత్రమే నాలుగు మాటలు మనవి చేసెదము.

మా పరిచర్య బల్కంపేటలో. అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములు ఎరిగినవారికి వర్ణించి చెప్పనక్కరలేదు. మైత్రీవనము చుట్టు కంప్యూటరు కోర్సుల బోర్డులు, సందు సందుకు హాస్టళ్లు, బాల్కనీల నిండ ఆరవేసిన బట్టలు, చీకటి పడగానే కర్రీ పాయింట్ల ఎదుట పిల్లల వరుసలు. శ్రీకాకుళము నుండి ఒకడు, ఆదిలాబాదు నుండి ఒకడు, అనంతపురము నుండి ఒకడు, నల్లగొండ నుండి ఒకడు వచ్చి ఒకే గదిలో నాలుగు మంచముల మీద పండుకొనుచున్నారు. ఒక మంచము తలవైపున సిలువ గుర్తు, పక్క మంచము దగ్గర వేంకటేశ్వరస్వామి పటము, మూడవ మంచము క్రింద మడత పెట్టిన నమాజు చాప, నాలుగవ మంచము వద్ద అంబేడ్కరుగారి చిత్రము. ఇట్టి గదులను మేము కన్నులార చూచితిమి.

ఒకే గదిలో ఉన్నారు గదా, వీరు మాటలాడుకొందురా? మాటలాడుకొందురు. ఇంటర్వ్యూలను గూర్చి, సినిమాలను గూర్చి, క్రికెట్టును గూర్చి రాత్రి పండ్రెండు వరకు మాటలాడుకొందురు. అయితే కులమును గూర్చి, మతమును గూర్చి, ప్రాంతమును గూర్చి, రిజర్వేషన్లను గూర్చి మాట వచ్చునప్పటికి రెండే మార్గములు: పోట్లాట, లేక మౌనము. పోట్లాట జరిగిన గదిని చూచి మనము భయపడుదుము. మౌనముగ ఉన్న గదిని చూచి సమాధానమున్నదని సంతోషింతుము. ఆ సంతోషము పొరపాటు. మౌనమంతయు సమాధానము కాదు. మూత పెట్టిన కుండ చల్లారినదని అనుకొనువాడు చేయి కాల్చుకొనును.

మా మొదటి తప్పును ఇక్కడ చెప్పెదము. 2009 డిసెంబరు 9వ తేదీ రాత్రి కేంద్ర ప్రభుత్వము తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియను ఆరంభించెదమని ప్రకటించినది. అదే నెల 23వ తేదీన విస్తృతమైన సంప్రదింపులు అవసరమని మరియొక ప్రకటన వచ్చినది. అప్పుడు మేము సేవలో క్రొత్తవారము. ఒకే మెస్సులో అన్నము తిను పిల్లలు వేరు వేరు బల్లలకు జరిగిపోయిరి. మన యౌవనుల ప్రార్థన కూటములోను కుర్చీలు తమంతట తామే రెండు ప్రక్కలయ్యెను. అప్పుడు మేము చేసినదేమి? "రాజకీయములు మందిరము బయట విడిచి రండి" అని హెచ్చరించితిమి. పిల్లలు విధేయులై బయటనే విడిచి వచ్చిరి. కూటము ముగిసిన తరువాత వాటిని మరల ఎత్తుకొని వెళ్లిపోయిరి. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము ఏర్పడువరకు, నాలుగేండ్లకు పైగా, ఆ పిల్లలు ఒకరి బాధ ఒకరికి చెప్పుకొనుటకు మనము ఒక్క సాయంత్రమైనను చోటు ఈయలేదు. "మా ఊరికి నీళ్లు రాలేదు, మాకు ఉద్యోగములు రాలేదు" అని ఒకడు, "ఈ పట్టణము నాది కాదందురా, నేనెక్కడికి పోదును?" అని ఒకడు. ఈ రెండు మాటలును ఒక గదిలో ఒకరి చెవిని ఒకరు వేసికొని యుండవలసినది. మనము సమాధానమును కాపాడితిమనుకొంటిమి. కాపాడినది నిశ్శబ్దమును మాత్రమే.

విద్యార్థుల భిన్నాభిప్రాయములను మాటతో గాక ఆజ్ఞతో తీర్చజూచుట మన నగరమునకు క్రొత్త కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో 1938లో హాస్టలు విద్యార్థులు వందేమాతరము పాడిరని వారిని బయటకు పంపిరి. అనేకులు నాగపూరు విశ్వవిద్యాలయములో చేరి చదువు పూర్తి చేసికొనిరి. వారిలో పి.వి. నరసింహారావుగారు ఒకరు; తరువాత ఆయన దేశప్రధాని అయిరి. పాట ఆగెను గాని ప్రశ్న ఆగలేదు. మన కాలమునకు వచ్చినచో, 2016 జనవరి 17వ తేదీన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో రోహిత్ వేముల అను పరిశోధక విద్యార్థి ప్రాణము తీసికొనెను. అంతకు ముందు విద్యార్థి సంఘముల మధ్య వివాదము, హాస్టలు నుండి ఐదుగురి బహిష్కరణ జరిగియుండెను. ఆ మరణమును గూర్చి ఎన్నో వాదములు ఉన్నవి. వాటిని తీర్చుట మా పని కాదు. అయితే ఒక్కటి చెప్పవచ్చును. విద్యార్థుల మధ్య మాట తెగిపోయినచోట పోవునది పరీక్ష మార్కులు మాత్రమే కాదు. కావున ఈ అంశము తీరికవేళ ముచ్చట కాదు.

లేఖనములు ఈ విషయమున మనకేమి నేర్పుచున్నవి? లూకా సువార్త రెండవ అధ్యాయములో పండ్రెండేండ్ల బాలుడైన యేసును చూడుడు. ఆయన దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి ఏమి చేయుచుండెను? మొదట వినుచుండెను, తరువాత ప్రశ్నలు అడుగుచుండెను. జవాబులు చెప్పుట ఆ తరువాతి మాట. విద్యార్థి సంభాషణకు ఇంతకంటె చక్కని పటము ఎక్కడ దొరకును? సమరయ స్త్రీతో మాటలాడినప్పుడు ప్రభువు బోధతో ఆరంభింపలేదు; దాహమునకు నీళ్లు అడిగెను. ఎదుటివారి దగ్గర మనకు కావలసినది కూడ ఉన్నదని ఒప్పుకొనుటతో ఆ సంభాషణ మొదలైనది. పౌలు ఏథెన్సులో విగ్రహములను చూచి లోలోపల కలత చెందెను. అయినను అరేయొపగులో లేచి నిలిచినప్పుడు వారి బలిపీఠమును, వారి కవులను ఆధారము చేసికొని మాటలాడెను. ఫలితమేమి? కొందరు అపహసించిరి, కొందరు మరల విందుమనిరి, కొందరు విశ్వసించిరి. ఆ రెండవ గుంపును మనము ప్రసంగములలో మరచిపోవుచుందుము. మరల విందుమని లేచిపోయినవాడు తలుపు మూసి పోలేదు.

యోబు స్నేహితులను కూడ తలంచుకొనుడు. వారు ఏడు దినములు నేలమీద అతని ప్రక్కన మాటలాడక కూర్చుండిరి. ఆ ఏడు దినములే వారి పరిచర్యలో శ్రేష్ఠమైనవి. నోరు తెరచిన తరువాత వారు దేవుని పక్షమున వాదించుచున్నామనుకొనిరి. చివరకు దేవుడే వారి మాటలను తప్పుపట్టెను. దేవుని పక్షమున మాటలాడువాడు కూడ తప్పు మాటలాడవచ్చునని సంఘకాపరులమైన మనము గోడమీద వ్రాసికొనవలెను.

ఈ విద్య మన దేశమునకు పరాయిది కాదు. గౌతముని న్యాయశాస్త్రము చర్చను మూడు విధములుగ విభజించినది: వాదము, జల్పము, వితండము. సత్యము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుచుటకు చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము నిలుపక ఎదుటివాని మాటను కూలద్రోయుటకే చేయునది వితండము. మన ఇండ్లలో పెద్దలు పిల్లలను "వితండవాదము చేయకురా" అని గద్దించునది ఈ మాటతోనే. పూర్వపు శాస్త్రకారులు తమ సిద్ధాంతము చెప్పకముందు పూర్వపక్షము చెప్పెడివారు. అనగా ఎదుటివాని వాదమును అతడు కూడ ఒప్పుకొనునంత బలముగ ముందు తామే నిలువబెట్టి, ఆ తరువాత తమ జవాబు చెప్పెడివారు. ఈనాడు టెలివిజను చర్చలలోను చరవాణి సందేశములలోను మన పిల్లలు చూచుచున్నది జల్పమును, వితండమును మాత్రమే. వాదమనునది ఒకటున్నదని వారికి చూపినవారెవరు?

చూపవలసిన నమూనా మన సంఘ చరిత్రలోనే కలదు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసు సెంట్ జార్జి కెథీడ్రలులో ఏర్పడినది. అది ఒక్క దినములో జరిగిన పని కాదు. 1919లో తరంగంబాడిలో భారతీయ సేవకులు కూడుకొని ఐక్యతను గూర్చి పిలుపునిచ్చిరి. దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు వారికి ముఖ్యులు. ఇరువది ఎనిమిది సంవత్సరములు ఆంగ్లికనులు, మెథడిస్టులు, అప్పటికే ఐక్యమైన ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంఘములవారు బల్లచుట్టు కూర్చుండి మాటలాడిరి. బిషప్పులుండవలెనా, ఇదివరకే అభిషేకము పొందిన పాదిరులను మరల అభిషేకింపవలెనా అను ప్రశ్నల యొద్ద ఎన్నోమారులు పని నిలిచిపోయినది. చివరకు ఉన్న పాదిరులందరిని ఉన్నట్లే అంగీకరించి, ఇకముందటి అభిషేకములు బిషప్పులచేత జరుగవలెనని నిర్ణయించి, ముప్పది సంవత్సరముల గడువు పెట్టుకొని ఒకరినొకరు నమ్మిరి. అజరయ్యగారు 1945 జనవరి 1వ తేదీన ప్రభువునందు నిద్రించిరి. తాము విత్తిన పంటను చూడలేదు. ఆ ఐక్యత భిన్నాభిప్రాయములను దాచిపెట్టి చేసినది కాదు. వాటిని బల్లమీద పెట్టి చేసినది.

వేదాంత విద్యార్థులుగ మేమును దీని రుచి చూచితిమి. ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో వేరు వేరు సంఘముల కలయికతో ఆరంభమై 1973లో హైదరాబాదు వచ్చినది. అటువంటి ఐక్య కళాశాలలో లూథరను, బాప్టిస్టు, మెథడిస్టు విద్యార్థులు ఒకే బెంచిమీద కూర్చుందురు. శిశు బాప్తిస్మమును గూర్చి రాత్రి భోజనము వద్ద వాదించుకొని, తెల్లవారి ఒకే ప్రార్థనామందిరములో మోకరించుటకు అలవాటుపడినవారము. అయితే ఆ అలవాటు మన గోడల లోపలిది. గోడ దాటినప్పుడు అది మాకు పనికి వచ్చినదా? ఆ సంగతి ముందు చెప్పెదము.

అంతకంటె ముందు మన తెలుగువారి మరియొక సంభాషణను జ్ఞాపకము చేయవలెను. గోరాగారని పేరుపొందిన గోపరాజు రామచంద్రరావుగారు వృక్షశాస్త్ర అధ్యాపకులు. నాస్తిక భావములనుబట్టి కాకినాడ కళాశాలలో ఉద్యోగము పోగొట్టుకొనిరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1944 చివరిభాగమున ఆయన సేవాగ్రామమునకు వెళ్లి గాంధీగారితో మాటలాడిరి. ఒకరు ప్రతి సాయంత్రము ప్రార్థన చేయువారు, ఒకరు దేవుడు లేడనువారు. గాంధీగారు ఆయనను వెళ్లగొట్టలేదు. ఆయన కూడ గాంధీగారిని ఎగతాళి చేయలేదు. అంటరానితనము పోవలెనను పనిలో ఇద్దరికి ఒకే బాట కనబడినది. గోరాగారి పెద్ద కుమార్తె వివాహము దళిత యువకునితో జరిపింపనున్నప్పుడు, దేవుని పేరునకు బదులు సత్యము పేరున ఆ వివాహము జరిపించుటకు గాంధీగారు ఒప్పుకొనిరి. 1948 జనవరి 30న ఆయన హతులైరి. ఆ వివాహము ఆ మార్చినెలలో సేవాగ్రామములోనే జరిగినది. 1960లో మహాకవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె హేమలతగారు గోరాగారి కుమారుడు లవణంగారిని వివాహమాడి ఆ ఇంటికి కోడలైరి.

ఈ సంగతి చెప్పుటలో మా ఉద్దేశము నాస్తికమును మెచ్చుకొనుట కాదు. గాంధీగారు నాస్తికులు కాలేదు, గోరాగారు ఆస్తికులు కాలేదు. ఎవరి నమ్మకము వారికి నిలిచినది. అయినను ఒక అమ్మాయి వివాహము జరిగినది. కులపు గోడలో ఒక రాయి కదలినది. సంభాషణ ఫలము ఎల్లప్పుడు ఏకాభిప్రాయము కాదని మన పిల్లలు ఇక్కడ నేర్చుకొనవచ్చును.

ఇక మా రెండవ తప్పు. కొన్నేండ్ల క్రిందట మందిరపు హాలులో శనివారము సాయంత్రము హాస్టలు విద్యార్థుల కూటమొకటి మొదలుపెట్టితిమి. మతము, కులము అడుగలేదు. టీ, బిస్కట్లు, ఒక గంటన్నర మాట. పదునైదు మంది వరకు వచ్చెడివారు. ఆషాఢమాసము వచ్చినది. ఆషాఢమాసపు మొదటి మంగళవారము బల్కంపేట ఎల్లమ్మ కల్యాణమని మీరెరుగుదురు. దారులు మూసివేయుదురు, జనసందోహము. ఆ వారము మన సంఘపు యౌవనుడొకడు కూటములో, "ఇదేమి గోల, పరీక్షకు పోవుటకు గంటన్నర పట్టినది, ఇదంతా మూఢనమ్మకము" అనెను. అతని ఎదుట పాలమూరు జిల్లా నుండి వచ్చిన ఒక విద్యార్థిని కూర్చుండియుండెను. ఆమె ముఖము మారుట మేము చూచితిమి. చూచియు ఏమి చేసితిమి? పౌలు ఏథెన్సు ప్రసంగమును ఎత్తుకొని ఇరువది నిమిషములు ధారాళముగ మాటలాడితిమి. మా మట్టుకు మేము మృదువుగనే మాటలాడితిమనుకొంటిమి. ఆమె టీ గ్లాసు క్రింద పెట్టి వెళ్లిపోయినది. మరుసటి వారము రాలేదు. ఆ పై వారము రాలేదు.

ఆమె గదిలోని పిల్ల ఒకతె మా గృహిణితో అసలు సంగతి చెప్పినది. ఆ అమ్మాయి తల్లికి జబ్బు చేసినది. తల్లి కొరకు ఆమె ఎల్లమ్మకు మ్రొక్కుకొన్నది. ఆ శనివారము మనచేత కూడ ప్రార్థన చేయించుకొనవలెనని వచ్చినది. మేము ఆ రాత్రి నిద్రపోలేదు. మా గృహిణి వెళ్లి పిలిచిన తరువాత ఆమె ఒక సాయంత్రము వచ్చి వరండాలో నిలువబడినది. మేము క్షమాపణ అడిగితిమి. ఆమె కోపపడలేదు. "అయ్యగారూ, మీరు మంచిగనే చెప్పిన్రు. గానీ నన్ను ఒక్క మాట గూడ అడగలేదు గదా" అన్నది.

ఒక్క మాట గూడ అడుగలేదు. పండ్రెండేండ్ల యేసు దేవాలయములో చేసిన పనిని, ఇన్నేండ్లు వేదాంతము చదివిన మేము చేయలేదు. వినకముందే ప్రత్యుత్తరమిచ్చుట మూఢత్వమని సామెతల గ్రంథము పదునెనిమిదవ అధ్యాయములో హెచ్చరించుచున్నది. ఆ గ్రంథముమీద మేమే ఎన్ని ప్రసంగములు చేసితిమి!

ఆ దినము నుండి కూటమును మార్చితిమి. మేము నేర్చుకొన్న పద్ధతిని ఇతర సంఘములవారికి ఉపయోగపడునని చెప్పుచున్నాము.

మొదటిది, తిరిగి చెప్పుట. ఒకరు మూడు నిమిషములు మాటలాడవలెను. ఎదుటివారు జవాబు చెప్పకముందు, తాము విన్నదానిని తమ మాటలలో తిరిగి చెప్పవలెను. మొదటివారు "అవును, నా మాట ఇదే" అనువరకు జవాబు చెప్పు అధికారము లేదు. వినుటకు సులభము, చేయుటకు కష్టము. మన పిల్లలలో తెలివైనవారే మూడుమారులు తప్పిపోయిరి.

రెండవది, "మీరందరు" అను మాట విడిచిపెట్టుట. "మీవాళ్లు ఇట్లు చేయుదురు" అని గాక, "నాకు ఇట్లు జరిగినది, నేను ఇట్లు తలంచుచున్నాను" అని చెప్పవలెను. అమెరికా మిషనరీ స్టాన్లీ జోన్సుగారు వివిధ మతస్థులను ఒక బల్లచుట్టు కూర్చుండబెట్టి, వాదములు మాని ఎవరి అనుభవము వారు చెప్పవలెనని కోరెడివారు. ఆ సమావేశములను గూర్చి 1928లో ఒక గ్రంథము కూడ వ్రాసిరి. ఆ బాట పాతదే, నడచువారు తక్కువైరి.

మూడవది, తెలిసికొనుటకే ప్రశ్న అడుగుట. "దీనికేమందువు?" అనునది వకీలు ప్రశ్న. "ఇది నీకెప్పటినుండి ముఖ్యమైనది?" అనునది స్నేహితుని ప్రశ్న.

నాల్గవది, సంగతిని, అభిప్రాయమును వేరు చేయుట. ఫోనులో వచ్చినదంతయు సంగతి కాదు. ఎవరు చెప్పిరి, ఎప్పుడు, ఎక్కడ అని తెలియనిదానిని ప్రక్కన పెట్టి, ఇద్దరును కలిసి వెదకి వచ్చేవారము తీసికొని రావలెను. ఇద్దరు విరోధులు కలిసి ఒక సంగతిని వెదకినచో సగము విరోధము దారిలోనే రాలిపోవుట మేము చూచితిమి.

ఐదవది, కూటములోని మాట బయటకు పోరాదు. ఎవరును రికార్డు చేయరాదు. చివర ప్రతివారును తాము నేర్చుకొన్న ఒక సంగతిని, ఇంకను ఒప్పుకొనలేని ఒక సంగతిని చెప్పి లేవవలెను. ఓటు లేదు, తీర్పు లేదు.

అంశములను కూడ మెట్లుగ పేర్చుకొనవలెను. ఈత నేర్పువాడు పిల్లవానిని మొదటనే నడిబావిలో త్రోయడు. మొదట హాస్టలు గదిలో రాత్రి దీపమెప్పుడు ఆర్పవలెనను మాట. తరువాత తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అను మాట. ఆ తరువాత ప్రాంతము. ఆ తరువాత రిజర్వేషన్లు, మతము.

ఆ విద్యార్థిని తిరిగి కూటమునకు వచ్చినది. ఆమెయు, మన సంఘపు యౌవనుడును ఎదురెదురుగ కూర్చుండి ఈ పద్ధతిని నడిపించిరి. అతడు మూడవమారుగాని ఆమె మాటను సరిగ తిరిగి చెప్పలేకపోయెను. ఆమె చెప్పినది ఇది: "మా అమ్మ కష్టములో ఎవరిని తలుచుకొంటుందో నేనూ ఆ తల్లినే తలుచుకొంటాను. ఒక్క రోజు దారి మూస్తే మీకు గోల అయింది. క్రిస్మసు నెలంతా మీ మైకు మా హాస్టలు కిటికీలోకే మోగుతుంది. నేనెప్పుడైనా గోల అన్నానా?" దీనిని మన యౌవనుడు తన నోట తిరిగి చెప్పవలసి వచ్చెను. చెప్పి చాలసేపు మౌనముగ కూర్చుండెను.

తరువాత ఆ యౌవనుడు ఎల్లమ్మను నమ్మినాడా? లేదు. ఆమె బాప్తిస్మము తీసికొన్నదా? లేదు. ఆమె కోరినట్లు ఆమె తల్లి కొరకు ప్రార్థించితిమి. ఆమె మ్రొక్కు ఆమె తీర్చుకొన్నది. అతడు మాత్రము యూత్ కమిటీలో లేచి, హాస్టలు వైపున్న స్పీకర్లు తీసివేయవలెనని, రాత్రి తొమ్మిదికే మైకు ఆపవలెనని అడిగెను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి పది దాటినచో లౌడ్‌స్పీకరు కూడదని మనకందరికి తెలిసినదే. అతడు ఒక గంట ముందే ఆపుదమనెను. కమిటీలో పెద్దలు కొందరు నొచ్చుకొనిరి. "మన సాక్ష్యము చల్లారిపోవును, ఇతరులు ఆపినారా?" అనిరి. వారి మాటను కూడ తిరిగి చెప్పి, విని, చివరకు స్పీకర్లు లోపలి వైపునకు త్రిప్పితిమి. ఒకరిద్దరు పెద్దలు ఈనాటికిని సమ్మతింపలేదు. వారు ఈ సభలోనే ఉండవచ్చును. వారి ప్రేమకు మేము ఋణస్థులము.

ఇక ఒక హెచ్చరిక. అన్ని భిన్నాభిప్రాయములు ఒకే విధమైనవి కావు. రిజర్వేషన్ల మీద మాట జరిగిన సాయంత్రము ఒక దళిత విద్యార్థి, "మీకిది చర్చాంశము. నాకిది మా నాన్న ఊరి హోటలులో వేరు గ్లాసులో త్రాగిన టీ. నేను మీతో సమానుడనా కాదా అనుదానిమీద నన్ను చర్చకు పిలువకండి" అనెను. అతని మాట న్యాయము. ప్రభుత్వ విధానము ఎట్లుండవలెనో వాదింపవచ్చును. మనుష్యుని విలువను వాదమునకు పెట్టరాదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముతో అంటరానితనమును రద్దు చేసినది. దేవుడు తన పోలికలో నరుని చేసెనని ఆదికాండము అంతకంటె ముందే చెప్పినది. గాయపడినవానిని "నీవును రెండవ ప్రక్క వినుము" అని తొందరపెట్టుట సంభాషణ కాదు, కఠినత్వము. ఎవరు మొదట వినవలెను? బలము ఎవరిదో వారు మొదట వినవలెను. దోర్నకల్‌లోను, హైదరాబాదులోను, మన సంఘములలోను కులము లేదని చెప్పగలవారెవరు? కాబట్టి ఈ పాఠము మన పిల్లలకు చెప్పకముందు మన పాస్టరేటు కమిటీలలో చదువుకొనవలెను.

మరియొక సందేహము పెద్దలు అడుగుచుందురు. "అయ్యగారూ, ఇట్లు వినుచు కూర్చుండినచో సువార్త పలుచబడదా?" ఈ ప్రశ్న భక్తిగలది, దీనిని త్రోసివేయము. మొదటి పేతురు పత్రిక మూడవ అధ్యాయములో, నిరీక్షణకు హేతువు అడుగువారికి సమాధానము చెప్ప సిద్ధముగ ఉండుమనియు, సాత్వికముతోను గౌరవముతోను చెప్పుమనియు బోధ కలదు. గమనింపుడు: ఎవరైనను అడిగినప్పుడు కదా సమాధానము? ఎవరును అడుగనంత దూరములో మనము నిలిచియుండినచో, మన సమాధానము ఎంత సత్యమైనను ఎవరికి? తన విశ్వాసము ఎరుగని పిల్లవాడు సంభాషణకు పోయినచో తేలిపోవును, నిజమే. కాబట్టి వాక్యము నేర్పుట తగ్గింపకూడదు, హెచ్చింపవలెను. వేరు లోతుగ ఉన్న చెట్టునకే గాలిలో ఊగు స్వాతంత్ర్యము కలదు. 1930లో లాహోరులో ఆరంభమై, 1971 నుండి మన హైదరాబాదులో ఉన్న హెన్రీ మార్టిన్ సంస్థ ఇస్లాము అధ్యయనమును, మతముల మధ్య సంభాషణను నేర్పుచున్నది. మన నగరములోనే ఉన్న ఆ సదుపాయమును మన యౌవనులలో ఎందరు ఎరుగుదురు?

ప్రియులారా, శతవత్సరపు ఈ సంవత్సరములో ప్రతి పాస్టరేటులో ఇట్టి బల్ల ఒకటి ఏర్పడవలెనని మా మనవి. దానికి క్రొత్త భవనము అక్కరలేదు. నాలుగు కుర్చీలు, టీ కాచు ఒక తల్లి, నోరు అదుపులో పెట్టుకొను ఒక సంఘకాపరి చాలును. మూడవది దొరకుట కష్టమని మా అనుభవము! తలిదండ్రులారా, మీ ఇంటి భోజనపు బల్లవద్ద మీ కుమారుడు మీతో ఏకీభవింపనప్పుడు మీరేమి చేయుదురో దానినే వాడు కళాశాలలో చేయును. "చిన్నవాడవు, నోరు మూయుము" అని విన్న పిల్లవాడు అవకాశము దొరకినప్పుడు మరియొకని నోరు మూయించును. విద్యార్థులారా, మీ గదిలోని నాలుగు మంచములలో ఇంతవరకు మీరు ఒక్క మాట గూడ అడుగని మంచము ఏది? ఈ రాత్రి వెళ్లి, జవాబు చెప్పవలెనను ఉద్దేశము లేకుండ, ఒక్క ప్రశ్న అడుగుడు.

మేము ఆ వరండాలో విన్న మాటను ఇంకను మరువలేదు. మరువకుండునట్లు దేవుడు సహాయము చేయును గాక. వినుటకు వేగిరపడి, మాటలాడుటకు నిదానించు కృపను ప్రభువు మన సంఘములకు, మన యౌవనులకు, ముందుగ మన సేవకులకు అనుగ్రహించును గాక. ఆమేన్.